కెమెరాకు పట్టిన మసక

మాబు సాహెబ్‌ను కిందటి వారం సింగరాయకొండ నుంచి తిరిగొస్తుండగా వదిలేశాం. ఒళ్ళో కెమెరా బ్యాగు, మొహం నిండా చిరాకు. పెళ్ళివారు ఫొటోలు చూసి పెదవి విరిచారు మరి. ఇల్లు చేరగానే ఆయన కెమెరాను బల్ల మీద పెట్టి, "దీని పని అయిపోయింది. ఫైండర్‌లో ఫంగస్ పట్టింది. కన్ను పెడితే లోపలంతా మసకే," అని తీర్పు చెప్పేశాడు. ప్రత్తిపాడు సెంటర్లో ఏళ్ళ తరబడి స్టూడియో నడుపుతున్న మనిషి, పైగా ముక్కు మీద కోపం ఉన్న మనిషి, తన కెమెరా గురించి తాను చెబితే కాదనేదెవరు? భార్య రహిమున్నీసా మారు మాట్లాడకుండా చీటీ పాడింది. స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్‌లు తయారు చేసే కూతురు నస్రత్ కూడా కాదనలేదు. ఎందుకంటే ఆమె గొడవ ఆమెకుంది. ఆ పాత కంప్యూటర్ ఫొటో తెరవమంటే మూలిగేది, పెద్దది చేసి చూపించమంటే నీలుక్కుపోయేది. తండ్రికి కెమెరా మీద కోపం, కూతురికి కంప్యూటర్ మీద కోపం. ఇద్దరూ కలిసి గుంటూరు బయల్దేరారు.

తొందర ఇంకొకటి ఉంది. వచ్చే గురువారం ఆరాధన పెళ్ళి. ఆరాధన యేసుపాదం, రెబ్కాల కూతురు. యేసుపాదమూ మాబు సాహెబూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. ఆ ఇంట్లో పిల్ల బోర్లా పడినా, బడిలో చేరినా, కెమెరా పట్టుకుని వెళ్ళింది మాబు సాహెబే. పెళ్ళి కూడా ఆయనే తీయాలి. అందులో వేరే మాట లేదు.

బస్సు గుంటూరు పొలిమేరల్లోకి వచ్చేసరికి మిరప టిక్కీలు, అంటే బస్తాలు, నింపుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. ఆ ఘాటుకు బస్సులో సగం మంది దగ్గారు. నస్రత్ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మాబు సాహెబ్ మాత్రం కుడి కన్ను నులుముకుంటూ కూర్చున్నాడు. నస్రత్ చూసింది, కారం ఘాటుకే అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు.

అరండల్‌పేటలోని ఆ దుకాణంలో కింద కెమెరాలు, మేడ మీద కంప్యూటర్లు. సేల్స్ చూసుకునే ఆదాం ముప్ఫై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. అమ్మేవాళ్ళకు ఉండే ఆత్రం అతనిలో కనపడలేదు.

"మెగాపిక్సెళ్ళు అన్నిటికంటే ఎక్కువున్న మిర్రర్‌లెస్ కెమెరా చూపించు బాబూ," అన్నాడు మాబు సాహెబ్ కూర్చోకుండానే. "మళ్ళీ మళ్ళీ కొనేది కాదు."

"ఎక్కువుంటే మోయాల్సింది నేను నాన్నా," అంది నస్రత్. "ఒక్కో ఫొటో ఇప్పటివాటికి నాలుగింతలు ఉంటుంది. ఒక్క పెళ్ళికి నువ్వు తీసుకొచ్చే ఫొటోలతోనే డిస్కు నిండిపోతుంది. మనం వేసేది ఆల్బమ్, ఊరి మొదట్లో కట్టే ఫ్లెక్సీ కాదు. మధ్యరకం కెమెరా చాలు. కంప్యూటర్ మాత్రం గట్టిది కావాలి."

"మేడం చెప్పింది కరెక్టేనండి," అన్నాడు ఆదాం. "చాలామంది ఉన్నదంతా కెమెరాకి పెట్టేసి వెళ్ళిపోతారు. నెల తిరక్కుండా వచ్చి కంప్యూటర్ కదలట్లేదంటారు. రెండిటికీ పొత్తు కుదరాలి."

మాబు సాహెబ్ కూతురి వంక చూసి, "మా ఇంట్లో నాకు తప్ప అందరికీ అన్నీ తెలుసు," అన్నాడు. మాట ఎత్తిపొడుపులా ఉన్నా గొంతులో గర్వమే ఉంది. ఆయన అంతే. కూతుర్ని పొగడాలంటే తిట్టినట్టే పొగుడుతాడు.

ముందు కంప్యూటర్ తేలుద్దామని మేడ ఎక్కారు. నస్రత్ సంచిలోంచి హార్డ్ డిస్కు తీసింది. దుకాణం వాళ్ళు చూపించే రంగురంగుల చిలకల బొమ్మలు ఏ తెర మీదైనా అందంగానే ఉంటాయి. వాటిని చూసి మోసపోయేంత అమాయకురాలు కాదు ఆమె. తన ఫొటోలే పెట్టి చూడాలి, తను రోజూ చేసే పనే చేసి చూడాలి. అందుకే సింగరాయకొండ పెళ్ళి మొత్తం వెంట తెచ్చుకుంది.

మొదటి కంప్యూటర్ పరవాలేదు. రెండోది చూసి నస్రత్ పొంగిపోయింది. మెమరీ ఎక్కువ, లోపలి డిస్కు కొత్తరకం, పక్కన పెద్ద తెర. నొక్కీ నొక్కకముందే ఫొటోలన్నీ వరసగా పరుచుకున్నాయి. ఇంట్లో అయితే ఈపాటికి లేచి టీ పెట్టుకుని తాగి రావచ్చు. "అబ్బ! ఇదండీ నాకు కావాల్సింది," అంటూ పెళ్ళికూతురి ఫొటో ఒకటి తెరిచి, పూర్తి సైజుకు పెంచింది. పిల్ల కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు అనుకుంది.

కనురెప్పలు లేవు. కళ్ళున్న చోట తడిసిన సిరాలాగా ఏదో అలుక్కుపోయి ఉంది. పిల్ల వెనక ఉన్న తెర గుడ్డ మీది జరీ మాత్రం పోగుపోగునా కనపడుతోంది.

ఇంకోటి తెరిచింది. అందులో పెళ్ళికొడుకు మొహం మసక, అతను కూర్చున్న కుర్చీ చెయ్యి స్పష్టం. మరోటి తెరిచింది. తల్లి కూతుర్ని పట్టుకుని ఏడుస్తున్న ఫొటో అది. నస్రత్ ఎంతో ఇష్టపడి ఆల్బమ్‌లో మొదటి పేజీలో పెట్టుకున్న ఫొటో. ఏడుపు ఉంది కానీ ఏ ఒక్క మొహమూ లేదు. వెనక ఎవరో పట్టుకున్న పళ్ళెంలో తమలపాకుల ఈనెలు తేటగా ఉన్నాయి.

నస్రత్ చెయ్యి ఆగలేదు. డిస్కులో వెనక్కి వెళ్ళింది. అంతకుముందు పెళ్ళి, దాని ముందు నిశ్చితార్థం, పుట్టినరోజు, చర్చిలో కూడిక. వెనక్కి వెళ్ళేకొద్దీ మసక తగ్గుతూ వచ్చింది. దసరా కంటే ముందువన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆమె ఇంట్లోని ఆ చిన్న తెరనే తిట్టుకుంది. ఆల్బమ్ సైజుకు కుదించి, మొహాలకు మెరుగు పూసి పంపిస్తే సింగరాయకొండ వాళ్ళు పెదవి విరిచేదాకా తేడా ఎవరికి తెలిసింది? తనకే తెలియలేదు.

"ఫోకస్ తప్పిందండి," అన్నాడు ఆదాం నెమ్మదిగా.

మాబు సాహెబ్ తెర దగ్గరకంటా వంగి, తల అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గెలిచినవాడిలా నడుం నిటారుగా చేశాడు. "చూశావా? చెవినిల్లు కట్టుకుని పోరుతుంటే విన్నావా? ఫైండర్‌లో మసకుంటే ఫోకస్ ఎక్కడ కుదురుద్ది? నా పేరంతా చెడగొట్టింది ఆ దిక్కుమాలిన కెమెరా!"

"ఆటో ఫోకస్ పెట్టుకోవచ్చుగా సార్?"

"దానికే వదిలేస్తే ఇక నేనెందుకయ్యా? రీళ్ళ కాలం నుంచీ చేత్తో తిప్పే అలవాటు నాది. కన్ను చూడాలి, వేలు తిప్పాలి. అదీ ఫొటో తీయడమంటే."

ఆదాం నవ్వి, పాత కెమెరా మార్పిడికి ఇస్తారేమో చూస్తానని చెయ్యి చాచాడు. మాబు సాహెబ్ అయిష్టంగానే ఇచ్చాడు. ఆదాం లెన్స్ ఊడదీసి వెలుతురుకు పట్టి చూశాడు, మళ్ళీ బిగించాడు, ఫైండర్‌కు కన్ను ఆనించాడు. "ఫంగస్ ఏమీ లేదే సార్. నీట్‌గానే ఉంది," అన్నాడు.

"నీకేం తెలుస్తుంది బాబూ! దానితో రోజూ కాపరం చేసేది నేను."

నస్రత్ చెయ్యి చాచింది. "ఏదీ, నన్ను చూడనివ్వండి."

ఇది ఇంతకాలం ఆమె ఎందుకు చేయలేదని మీరు అడగొచ్చు. ఆ ఇంట్లో అది జరిగే పని కాదు. మాబు సాహెబ్ తన పళ్ళెంలో అన్నం పెట్టమంటే పెడతాడు కానీ, తన కెమెరాకు ఇంకొకరి కన్ను ఆననివ్వడు. నస్రత్ చిన్నప్పుడు ఒకసారి ముట్టుకుంటే సాయంత్రం దాకా తిట్లు తింది. అప్పట్నుంచి కెమెరా ఆయనది, కంప్యూటర్ ఈమెది. ఎవరి హద్దులో వాళ్ళున్నారు.

కన్ను ఆనించింది. ఎదుటి గోడ మీద క్యాలెండర్, దానిలో అంకెలు, అంకెల కింద చిన్నచిన్న అక్షరాలు, మెట్ల దగ్గర ఎవరో వదిలిన చెప్పుల జత. అన్నీ కడిగిపెట్టినట్టు ఉన్నాయి. మసక లేదు. పొగ లేదు. చుక్క మచ్చ కూడా లేదు.

కెమెరా దించి తండ్రి కళ్ళలోకి చూసింది.

"ఎట్టా ఉంది? మసగ్గా ఉందా, లేదా?" అని అడిగాడు తండ్రి. ఆ అడగడంలో ఉన్న ఆశను నస్రత్ తట్టుకోలేకపోయింది.

"ఉంది నాన్నా," అంది. "కొంచెం మసగ్గానే ఉంది."

ఆదాం ఆమె మొహంలోకి ఒకసారి చూసి, కెమెరాను తిరిగి బ్యాగులో సర్దాడు.

కిందికి దిగారు. మెట్లు దిగేటప్పుడు తండ్రి ప్రతి మెట్టునూ పాదంతో తడిమి దిగడం నస్రత్ గమనించింది. పొద్దున బస్సు మీది పేరు తనను చదివి చెప్పమన్నాడు. నిన్న సాసరు పక్కన టీ పోసుకుంటే అమ్మ కసురుకుంది. అన్నీ ఇప్పుడే, ఒకేసారి గుర్తొచ్చి మీద పడ్డాయి. చిన్నప్పుడు అమ్మవారు పోసి మాబు సాహెబ్‌కు ఎడమ కంటి చూపు సగం పోయింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరైనా జాలిపడితే నవ్వేసేవాడు. "ఫొటోగ్రాఫర్‌కి ఒక కన్ను చాలయ్యా. రెండోది ఎటూ మూసుకోవాల్సిందే," అనేవాడు. మిగిలింది ఆ కుడి కన్నే. ఆయన వృత్తి, పేరు, పౌరుషం అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆదాం మధ్యరకం మిర్రర్‌లెస్ ఒకటి ఆన్ చేసి అందించాడు. మాబు సాహెబ్ దాని బరువు చూసి, "ఇంత తేలికేంటి, పిల్లలాడుకునేదిలా," అని ఎగతాళి చేసి కంటికి పెట్టుకున్నాడు. అలాగే కాసేపు ఉన్నాడు. "ఇదేంటి బాబూ? కొత్తదాంట్లో కూడా ఇట్టాగే ఉందే?"

"ఈ పక్కన చిన్న చక్రం ఉంది సార్. మన కంటి పవర్‌కి సరిపెట్టుకోవచ్చు." ఆదాం తిప్పాడు. "ఇప్పుడు?"

"ఊహూ."

"ఇప్పుడు?"

"లేదయ్యా. పాడైన పీసు పెట్టుకున్నట్టున్నారు. ఇంకోటి చూపించు."

ఇంకోటి చూపించాడు. దానికంటే ఖరీదైనది. మాబు సాహెబ్ కన్ను ఆనించాడు. తీశాడు. చొక్కా అంచుతో ఫైండర్ తుడిచాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ తీసి, ఈసారి ఫైండర్‌ను కాదు, తన కన్నును వేళ్ళతో తుడుచుకున్నాడు. మళ్ళీ చూశాడు. కెమెరాను గాజు బల్ల మీద, నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినంత నెమ్మదిగా పెట్టాడు.

నస్రత్ ఆదాంతో, "ఒక్క నిమిషమండి," అని చెప్పి, తండ్రి మోచెయ్యి పట్టుకుని గోడవార ఉన్న కుర్చీ దగ్గరకు తీసుకెళ్ళింది.

"నాన్నా, ఎడమ కన్ను మూసుకో. కుడి కంటితో నన్ను చూడు."

"ఎందుకు?"

"చూడు నాన్నా. ఒక్కసారి."

"నేను కెమెరా కొనడానికొచ్చానా, కంటి పరీక్షకొచ్చానా?" గొంతు పెరిగింది. దుకాణంలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. "పదిమందిలో ఏంటీ వేషాలు?"

"అమ్మ షుగర్ పరీక్ష చేయించుకోమని ఎన్నిసార్లు మొత్తుకుంది? నువ్వెళ్ళావా? దసరా నుంచి నీ ఫొటోలన్నీ అట్టాగే ఉన్నాయి. ఎప్పట్నుంచి నాన్నా ఇది? నాకన్నా చెప్పకూడదా?"

"ఫంగస్ అమ్మా! కెమెరాలో ఫంగస్! ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాడు. అంతలోనే ఆ కసురు ఎక్కడికో పోయింది. కూతురి చెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టుగా అడిగాడు. "నువ్వూ చూశావుగా తల్లీ ఇందాక. నీకు కూడా మసగ్గానే ఉందన్నావుగా?"

తండ్రికి నొప్పి తగలకూడదని నస్రత్ ఆడిన అబద్ధం అది. దాన్నే ఆయన ఊతకర్రలా పట్టుకు నిలబడి ఉన్నాడు. ఇప్పుడు దాన్ని లాగేయాల్సింది తనే. ఇంత పాపిష్టి పని తన చేతే ఎందుకు చేయించాలి దేవుడు, అనుకుంది.

"అబద్ధం చెప్పాను నాన్నా," అంది. "అందులో మసక లేదు. అన్నీ బాగా కనపడ్డాయి."

మాబు సాహెబ్ ఆమె చెయ్యి వదిలేశాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే మనిషి నోరు అలా మూతబడిపోవడం నస్రత్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తిట్టినా బాగుండు అనిపించింది. దుకాణం అంతా వినపడేలా తిట్టి, చెయ్యెత్తి కొట్టబోయినా బాగుండు.

"కంటి డాక్టర్ దగ్గరకు వెళ్దాం నాన్నా. ఇప్పుడే, ఇటునుంచి ఇటే. ముందే చూపిస్తే నిలబెట్టొచ్చేమో. కెమెరా తర్వాత కొనుక్కుందాం."

"గురువారం..." అన్నాడాయన.

అంతలోనే జేబులో ఫోన్ మోగింది. మాబు సాహెబ్ దాన్ని కంటికి దూరంగా పట్టుకుని, ఎవరిదో చూడబోయి, చూడకుండానే ఎత్తాడు. యేసుపాదానికి ఫోన్‌లో మాట్లాడటమన్నా పొలం గట్టు మీద నుంచి కేకేయడమన్నా ఒకటే. ప్రతి మాటా నస్రత్‌కు వినపడింది.

"ఏరా మాబూ! కొన్నావా, లేదా?"

"కొంటన్నాన్రా."

"తొందరగా కానివ్వు. పెళ్ళికొడుకు వాళ్ళు ఎవురో ఒంగోలు వాళ్ళని తెచ్చుకుంటామంటే కుదరదని తెగేసి చెప్పేశా. నా పెళ్ళికి ఫొటో తీసినోడే నా కూతురి పెళ్ళికీ తీస్తాడని చెప్పా. రెబ్కా అయితే ఇంకా గట్టిగా చెప్పింది. పిల్లయితే, మాబు బాబాయ్ నుంచుంటేనే ఉంగరం తొడిగించుకుంటా అంటంది. వింటన్నావా?"

"వింటన్నా."

"గొంతేంట్రా అట్టా ఉంది?"

"మిరపకాయల ఘాటులే," అన్నాడు మాబు సాహెబ్. "వస్తా. నేను కాక ఎవుడు తీస్తాడ్రా?"

ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. చొక్కా సవరించుకున్నాడు. నస్రత్ "నాన్నా" అంటున్నా వినిపించుకోకుండా కౌంటరు దగ్గరకు నడిచాడు. అక్కడ ఆదాం మూడో కెమెరాను అప్పుడే పెట్టెలోంచి తీసి, లెన్స్ బిగించి పెట్టాడు. మాబు సాహెబ్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటికి ఆనించుకున్నాడు. కూతురి వైపు తిప్పాడు. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ తీరు ఆమె ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే.

"ఆఁ! ఇదమ్మా కెమెరా అంటే!" అన్నాడు. మొహమంతా నవ్వు పరుచుకుంది. "అద్దంలాగా ఉంది. అన్నీ తేటగా ఉన్నాయి. నీ ముక్కుపుడక రాయి కూడా మెరుస్తా కనపడతంది. చెప్పానా, ఇందాకటివి పాడైన పీసులని? నువ్వేదేదో ఊహించుకుని నన్ను హడలగొట్టావు."

"సార్, అది ఇంకా..." అని ఏదో చెప్పబోయాడు ఆదాం.

నస్రత్ అతని వైపు చూసింది. అతని చేతిలో బ్యాటరీ ఉంది. దాని మీది ప్లాస్టిక్ కాగితం సగమే ఊడింది.

మాబు సాహెబ్ జీవితమంతా వాడిన కెమెరాలు వేరు. వాటిలో బ్యాటరీ ఉన్నా లేకపోయినా, లోపలి అద్దం ఎదుటి మనిషిని కంటికి చూపిస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. కన్ను పెట్టే చోట ఉండేది చిన్న తెర. కరెంటు అందితేనే అది వెలుగుతుంది. ఆ సంగతి నస్రత్‌కు తెలుసు, ఆదాంకు తెలుసు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ క్షణాన ఆయన కంటి ముందు చిమ్మచీకటి తప్ప మరేమీ లేదు. ఆ చీకటి కెమెరాదని ఆయనకు తెలియదు. ఉన్న ఒక్క కన్నూ ఇప్పుడే, ఇక్కడే, పూర్తిగా ఆరిపోయిందనుకున్నాడు. అలా అనుకునే, కూతురి వైపు తిరిగి నవ్వుతున్నాడు.

"బిల్లు రాయించు తల్లీ," అన్నాడు కెమెరాను కంటి మీంచి తీయకుండానే. "గురువారం ఎంతో దూరం లేదు."